లాటిన్ కవుల మహమ్మారి వర్ణనలు: చూసి రాసినవా, చదివి రాసినవా?

మీరు మూడు విషయాలు అడిగారు. లాటిన్ సాహిత్యంలో కనిపించే మహమ్మారి వర్ణనలన్నీ గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్‌ని అనుసరించి రాసినవేనా? వాటిని పట్టుకుని అది ఫలానా రోగమని తేల్చవచ్చా? కొత్తగా చదివేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి? మొదటిదానికి నా జవాబు, చాలావరకు అవును. రెండోదానికి, తేల్చలేం, తేల్చాలని కూర్చోవడం కూడా దండగే. మూడోది చివర్లో చెప్తాను.

అయితే మొదటి జవాబు విని "కాపీ అయితే ఇక చదవడానికేముంది" అనుకోకండి. రోమన్ కవి ముందువాడి వర్ణనను తీసుకున్నాడంటే దాచిపెట్టి తీసుకోలేదు. చదివేవాళ్లకు మూలం తెలుసని అతనికి తెలుసు, వాళ్లు పోల్చి చూస్తారనీ తెలుసు. అందుకే అతను ఎక్కడ మార్చాడో అక్కడే తన మాట చెప్తున్నాడు. చాలా ఏళ్లుగా ఈ భాగాలు పాఠం చెప్తూ వచ్చాక నాకు మిగిలిన అభిప్రాయం ఇది. రోగ లక్షణాలన్నీ ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చినవే. కానీ ఆ రోగం వల్ల ఏం తెగిపోయిందో, ఏ బంధం, ఏ ఆచారం, ఏ పని ఆగిపోయిందో, అది మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి ఎంచుకున్నారు.

ముందు మూలం సంగతి. క్రీ.పూ. 430 వేసవి. స్పార్టాతో యుద్ధం మొదలై రెండో ఏడు. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ మాట మీద పల్లెల జనమంతా ఏథెన్స్ గోడల లోపలికి వచ్చి, ఇళ్లు చాలక ఉక్కపోసే గుడిసెల్లో కిక్కిరిసి ఉన్నారు. అప్పుడు రోగం దిగింది. థుసిడిడీస్‌కి కూడా సోకింది, బతికి బయటపడ్డాడు. తన చరిత్ర రెండో పుస్తకంలో 47 నుంచి 54 దాకా ఉన్న అధ్యాయాల్లో దాని గురించి రాశాడు. మళ్లీ ఎప్పుడైనా వస్తే జనం గుర్తుపట్టాలనే రాస్తున్నానన్నాడు. తలలో మొదలై కిందికి దిగే లక్షణాలు, రోగుల దగ్గరికి వెళ్లి అందరికంటే ఎక్కువగా పోయిన వైద్యులు, శవాలను ముట్టని పక్షులు, నీళ్ల కోసం వచ్చి అక్కడే కూలిన మనుషులు, గుళ్లలో శవాలు, వేరేవాళ్ల చితి మీద తమ శవాన్ని పడేసి వెళ్లిపోయేవాళ్లు, చివరికి చట్టానికీ దేవుడికీ భయపడని తెగింపు, అన్నీ అందులో ఉన్నాయి. తరవాతి ఐదు వందల ఏళ్లలో లాటిన్‌లో మహమ్మారి గురించి పొడుగ్గా రాసిన దాదాపు ప్రతివాడి ముందూ ఈ జాబితా ఉంది.

లాటిన్‌లో దాన్ని ముందుగా చేపట్టినవాడు లుక్రీషియస్. క్రీ.పూ. మొదటి శతాబ్దం మధ్యలో వచ్చిన ఆయన కావ్యం 'దే రేరుమ్ నాతూరా' ఆరు పుస్తకాలు. విషయం ఎపిక్యురస్ తత్వం. లోకమంతా అణువుల కూర్పు, దేవతలు మన జోలికి రారు, చావు గురించి భయపడాల్సిన పని లేదు. ఆరో పుస్తకంలో ఉరుములు, భూకంపాలు, అయస్కాంతం, ఇలా జనం దేవతల పనులనుకునేవాటికీ, అంతుపట్టక ఆశ్చర్యపోయేవాటికీ కారణాలు చెప్తూ వచ్చి రోగాల దగ్గర ఆగాడు. గాలిలో మనకు మేలు చేసే బీజాలున్నట్టే చెరుపు చేసేవీ ఉంటాయి, అవి ఒకచోట పోగైతే గాలి చెడుతుంది, ఆ గాలి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి కదులుతుంది అన్నాడు. దానికి ఉదాహరణగా ఏథెన్స్ రోగం ఎత్తుకున్నాడు. 1138వ పంక్తి నుంచి 1286 దాకా అదే. అక్కడితో పుస్తకం, కావ్యం రెండూ అయిపోతాయి.

మార్పులు ఇప్పుడు చూడండి. థుసిడిడీస్‌లో యుద్ధం ఉంది, లుక్రీషియస్‌లో దాని ఊసే లేదు. ఒకసారి తగ్గినవాళ్లకు మళ్లీ ప్రాణం తీసేంతగా రాలేదని, అందుకే వాళ్లు ధైర్యంగా మిగతావాళ్లను చూసుకున్నారని థుసిడిడీస్ రాశాడు. ఆ ఒక్క ఊరటనూ లుక్రీషియస్ వదిలేశాడు. రోగం వేళ్లకూ మర్మాంగాలకూ పాకితే అవి పోగొట్టుకుని కొందరు బతికారని మూలంలో ఉంటే, లుక్రీషియస్ చేతిలో కొందరు వాటిని ఇనుముతో కోయించుకుని బతికారు. చావంటే వాళ్లకు అంత భయం పట్టుకుంది అని పక్కనే చేర్చాడు. గ్రీకు సరిగా అర్థం కాక ఇలా రాశాడని కొందరు పండితులు అన్నారు. నేను ఒప్పుకోను. మూడో పుస్తకం నిండా చావు భయం మనిషి చేత ఎంతెంత పని చేయిస్తుందో చెప్పినవాడికి, ఆరో పుస్తకంలో ఆ కత్తి అవసరం పడింది.

రోగిని చూడ్డానికి వెళ్లని వాళ్ల గురించి ఒక చోట రాశాడు. ప్రాణం మీద తీపితో తమవాళ్ల దగ్గరికి పోనివాళ్లు తరవాత దిక్కులేకుండా చచ్చారు. సిగ్గుపడి, రోగి బతిమాలే గొంతు విని వెళ్లినవాళ్లు అంటు తగిలీ చాకిరీతో అలిసీ చచ్చారు. మంచివాళ్లు పోయింది ఈ రెండో దారినే అంటాడు. 2020లో ఈ పంక్తులు మళ్లీ తీసి చదివినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అన్నిటికంటే పెద్ద మార్పు చివరి పంక్తుల్లో ఉంది. థుసిడిడీస్ జనం ఎవరో పేర్చుకున్న చితి మీద తమ శవాన్ని వేసి వెళ్లిపోతారు. లుక్రీషియస్ జనం వెళ్లిపోరు. పెద్దగా ఏడుస్తూ తమవాళ్లను ఆ చితి మీద పెట్టి, నిప్పంటించి, శవాన్ని వదలడం ఇష్టంలేక నెత్తురు కారేలా కొట్టుకుంటారు. అంతే, కావ్యం ఆగిపోతుంది. కవి పోవడం వల్ల అసంపూర్ణంగా మిగిలిందని వాదించేవాళ్లు ఉన్నారు. నా లెక్కలో అది ముగింపే. దేవతలు పట్టించుకోరని ఐదున్నర పుస్తకాలు ప్రశాంతంగా ఒప్పించి, గుళ్లన్నీ శవాలతో నిండిన ఊళ్లోకి మనల్ని తీసుకెళ్లి, ఇప్పుడు కూడా ఒప్పుకుంటావా అని అడిగి ఊరుకున్నాడు.

వర్జిల్ దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. క్రీ.పూ. 29 ప్రాంతంలో ముగిసిన 'జార్జిక్స్' వ్యవసాయం మీద నాలుగు పుస్తకాలు. మూడోది పశువుల గురించి. చివర్లో నోరికమ్ ప్రాంతంలో, అంటే ఆల్ప్స్ తూర్పు కొండల్లో, ఇప్పటి ఆస్ట్రియా వైపు, పశువులను తుడిచిపెట్టిన మారి గురించి తొంభై పంక్తుల దాకా రాశాడు. ఇన్నాళ్లయినా ఆ మేత బీళ్లు ఖాళీగానే ఉన్నాయని మొదలుపెడతాడు. అక్కడ అలాంటి మారి నిజంగా వచ్చిందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. వర్ణనకు ముందు మాత్రం నిఖార్సైన రైతు మాట ఒకటి ఉంది. మందలో ఒక గొర్రె నీడకు చేరి, గడ్డి కొసలు మాత్రం కొరుకుతూ వెనకబడితే వెంటనే కోసెయ్, అంటు మందంతా పాకకముందే.

వర్జిల్ చేసిన పెద్ద పని, లుక్రీషియస్ మనుషులకు రాసినదాన్ని పశువులకు మార్చడం. చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ దానివల్ల ప్రశ్నే మారిపోయింది. బలి పీఠం దగ్గర నిలబెట్టి, తలకు ఉన్ని పట్టీ చుడుతుండగానే బలి పశువు పూజారుల మధ్య కూలిపోతుంది. ఎలాగో కోసినా కత్తికి నెత్తురు సరిగా అంటదు, పేగులు మండవు, శకునం చెప్పేవాడికి చెప్పడానికేమీ దొరకదు. అంటే రోగం నయం కావాలని దేవతలను అడిగే దారినే రోగం మూసేసింది. పందెం గెలిచిన గుర్రం నీళ్ల నుంచి ముఖం తిప్పుకుంటుంది. కొమ్ముతో ద్రాక్షసారా పోస్తే మొదట తేరుకున్నట్టు ఉంటుంది, తరవాత అదే బలంతో పిచ్చెత్తి తన కండలు తనే పళ్లతో చీల్చుకుంటుంది. ఇక్కడ వర్జిల్ ఆగి, దేవతలారా, మంచివాళ్లకు ఇంతకంటే మంచి రాసిపెట్టండి, ఈ పిచ్చి మా శత్రువులకు పోనివ్వండి అంటాడు. పాఠం చెప్పేటప్పుడు ఈ పంక్తి దగ్గర తప్పకుండా ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు. అంతర్యుద్ధాల్లో తమ కండలు తామే చీల్చుకున్న రోమన్లు ఆ పంక్తి విని ఏం అనుకుని ఉంటారో ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

తరవాత ఎద్దు. నాగలి లాగుతూ చెమటలు కక్కి, నురగ కలిసిన నెత్తురు కక్కి పడిపోతుంది. రైతు దిగులుగా వెళ్లి, తోడబుట్టినవాడు పోయినట్టు ఏడుస్తున్న రెండో ఎద్దును కాడి నుంచి విప్పుతాడు. నాగలి చాలు మధ్యలోనే భూమిలో దిగబడి ఉండిపోతుంది. ఆపైన వర్జిల్ ఆ ఎద్దు తరఫున అడుగుతాడు. ఇంత చాకిరీ చేసి, ఇంత నేల దున్ని ఏం దక్కింది? ఇవి ఖరీదైన సారాయి తాగలేదు, విందుల మీద విందులు తినలేదు. ఆకులూ గడ్డీ మేశాయి, పారే నీళ్లు తాగాయి, బెంగ లేకుండా నిద్రపోయాయి. మితంగా బతికేవాడికి ఆరోగ్యం దక్కుతుందని, పాపానికి శిక్షగా రోగం వస్తుందని అప్పటి నీతులు. ఎద్దు ఏ పాపమూ చేయలేదు, మితం తప్పలేదు. మనిషిని పెట్టి ఈ ప్రశ్న అడిగితే ఎవరో ఒకరు వాడి తప్పేదో వెతికేవారు. ఎద్దును పెట్టి అడిగితే జవాబు లేదు.

జవాబు ఇవ్వకుండానే కవి ముందుకు పోతాడు. ఎడ్లు లేక మనుషులు పారలతో నేల తవ్వి, గోళ్లతో మట్టి గీరి విత్తనం పూడ్చారు. బండి కాడి తమ మెడ మీద వేసుకుని కొండలు ఎక్కించారు. తోడేలు మందల చుట్టూ తిరగడం మానేసింది, జింకలు కుక్కల మధ్యే తిరుగుతున్నాయి. చచ్చిన పశువు చర్మం పనికిరాదు, మాంసం పనికిరాదు, ఉన్ని కత్తిరించడానికి లేదు. ఎవరైనా ఆ ఉన్నితో బట్ట నేసి కట్టుకున్నారా, ఒళ్లంతా పొక్కులు లేచి మంటలా తినేస్తుంది. పుస్తకం అక్కడ ముగుస్తుంది. నాలుగో పుస్తకం చివర్లో కుళ్లిన ఎద్దు కళేబరాల నుంచి తేనెటీగలు పుట్టుకొస్తాయి. దాన్ని ఊరటగా చదవమనేవాళ్లున్నారు. నాకు ఆ ఊరట నిలవదు. తేనెటీగలు పుట్టుకొచ్చాయి గానీ ఎడ్లు తిరిగి రాలేదు కదా.

ఓవిడ్‌కి ఈ ఇద్దరూ కంఠతా వచ్చు. క్రీ.శ. 8 నాటికి దాదాపు పూర్తయిన 'మెటమార్ఫసిస్' ఏడో పుస్తకంలో ఏజినా ద్వీపం మీద మారి వస్తుంది. కారణం జూనో దేవత కోపం. తన భర్త జూపిటర్ మనసుపడిన అమ్మాయి పేరు ఆ ద్వీపానికి పెట్టడమే నేరం. వర్జిల్ జవాబు లేదని వదిలేసిన చోట ఓవిడ్ ఒక చవకబారు జవాబు పెట్టాడన్నమాట. కావాలనే పెట్టాడనుకుంటాను. అతని దేవతలు ఎప్పుడూ అంతే. వర్ణనలో పాతవన్నీ వరసగా వచ్చి పోతాయి. కుక్కలు, పక్షులు, చాలు మధ్య కూలే ఎద్దు, నీటిలోనే చచ్చి పడినవాళ్లు, పరుల చితుల కోసం కొట్లాట. చితులకు కట్టెల్లేవు, పూడ్చడానికి నేల లేదు.

కొత్తదనం కథ చెప్పేవాడిలో ఉంది. థుసిడిడీస్ తప్పిస్తే ఇప్పటిదాకా చెప్పినవాళ్లెవరికీ ఆ రోగం తగిలిన వీధి తెలియదు. ఇక్కడ చెప్తున్నది ఆ ద్వీపం రాజు ఏకస్. ఏథెన్స్ నుంచి వచ్చిన కెఫలస్ యువకుల వరసను చూసి, అందరూ ఒకే ఈడువాళ్లు, చక్కగా ఉన్నారు, కానీ పోయినసారి వచ్చినప్పుడు నేను చూసిన ముఖాలు కనపడవేం అని అడుగుతాడు. రాజు మూలిగి మొదలుపెడతాడు. నువ్వు అడిగినవాళ్లంతా ఎముకలూ బూడిదా అయ్యారు. ఓక్ చెట్టు మీద పాకే చీమల బారు చూసి ఇన్ని మందిని నాకు ఇవ్వు అని రాజు జూపిటర్‌ను వేడుకోవడం, పొద్దున్నే చీమలు మనుషులై నిలబడటం, వాళ్లే మిర్మిడాన్లు (తరవాత ట్రాయ్ యుద్ధంలో అకిలీస్ సైనికులు) కావడం తెలిసిన కథే. చీమల్లాగే పొదుపరులు, కష్టజీవులు, కూడబెట్టింది వదలనివాళ్లు అని రాజు మెచ్చుకుంటాడు. ఖాళీ అయిన ఊరు మళ్లీ నిండింది. కానీ కెఫలస్ అడిగిన ముఖాలు వాటిలో లేవు. ఓవిడ్‌ని చమత్కారి అని కొట్టిపారేసేవాళ్లకు నేను ముందుగా చూపించేది ఈ సంభాషణ.

సెనెకా 'ఈడిపస్' నాటకం గురించి ఒక్క సంగతి చాలు. సొఫోక్లిస్ రాసిన గ్రీకు నాటకంలో తీబ్స్ మారి వల్ల కథ కదులుతుంది, రాజు ధీమాగా ఉంటాడు. సెనెకా ఈడిపస్ మొదటి మాటల్లోనే వణుకుతుంటాడు. ఇంతమంది పోతుంటే నా ఒక్కడినే ఎందుకు వదిలింది, ఇంకెంత కీడు కోసం నన్ను మిగిల్చారు, ఆకాశాన్ని విషం చేసింది నేనే అంటాడు. బతికి ఉండటమే నేరంలా తోచే స్థితి అది. లాటిన్‌లో ఈ కోణం ఇంత సూటిగా ఇంకెవరూ పట్టుకోలేదు. సెనెకా తమ్ముడి కొడుకు లూకన్ దిర్రాకియమ్ దగ్గర పాంపీ శిబిరంలో రోగం గురించి, సీలియస్ ఇటాలికస్ సిరక్యూస్ ముట్టడిలో రోగం గురించి రాశారు. రెండూ చదవచ్చు, చదవకపోయినా పెద్ద నష్టం లేదు. సీలియస్‌లో రోగం ముందు కుక్కలకు తగులుతుంది, హోమర్ 'ఇలియడ్'లో కంచరగాడిదలకూ కుక్కలకూ ముందు తగిలింది కాబట్టి.

ఇక వచనం. ఇక్కడ మీ మొదటి ప్రశ్నకు ఇంకో రకం జవాబు దొరుకుతుంది. రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన చరిత్రలో రోగాలు చాలాసార్లు వస్తాయి, ఎక్కువగా రెండు మూడు వాక్యాల్లో. ఆ ఏడు కాన్సుల్స్ (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు పాలకులు) ఎవరు, ఏ యుద్ధం, ఏ అపశకునం, ఏ రోగం, దానికి ఏ పూజ. లక్షణాల మీద ఆయనకు ఆసక్తి లేదు, ఊరు ఏం చేసిందన్నదే ముఖ్యం. క్రీ.పూ. 433లో జనం ఆరోగ్యం కోసం అపోలో గుడికి మొక్కారు. 399లో దేవతా విగ్రహాలను పాన్పుల మీద పెట్టి విందు చేశారు, రోమ్‌లో అలాంటి విందు అదే మొదటిసారి. 293లో రోగం వస్తే గ్రీసులోని ఎపిడారస్ నుంచి వైద్య దేవుడు ఈస్కులాపియస్‌ను తెచ్చుకున్నారు. ఆ దేవుడు పాము రూపంలో ఓడెక్కి వచ్చి టైబర్ నది మధ్య ద్వీపంలో దిగిన కథను ఓవిడ్ తన చివరి పుస్తకంలో చెప్పాడు. ఓడ ఆకారంలో చెక్కిన రాతి అంచు అక్కడ ఇప్పటికీ కొంత మిగిలి ఉంది, ఆ ద్వీపంలో ఇప్పటికీ ఆసుపత్రి ఉంది.

లివీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఏడో పుస్తకం మొదటి మూడు అధ్యాయాలు. క్రీ.పూ. 365లో వచ్చిన రోగంలో రోమన్ సేనాని కమిల్లస్ అంతటివాడు పోయాడు. మరుసటి ఏడూ తగ్గలేదు. మందూ మొక్కూ పనిచేయక, దేవతలను శాంతపరచడానికి ఎట్రూరియా నుంచి ఆటగాళ్లను పిలిపించారు. వాళ్లు మాటా పాటా లేకుండా పిల్లనగ్రోవి వాద్యానికి నాట్యం చేశారు. అప్పటిదాకా సర్కస్ మైదానంలో పందేలు తప్ప ఎరగని యోధుల జాతికి అదొక కొత్త వినోదం అంటాడు లివీ. కుర్రాళ్లు వాళ్లను అనుకరించడం, మాటలు చేర్చడం, తరవాత కథ చేర్చడం, అలా రోమన్ నాటకరంగం మొదలైంది. ప్లాటస్, టెరెన్స్ హాస్య నాటకాలకు తాతల ఆట ఒక మహమ్మారికి చేసిన శాంతి అన్నమాట. రోగం మాత్రం తగ్గలేదు. ఆట మధ్యలో టైబర్ పొంగి సర్కస్ మునిగిపోయింది, దేవతలు మొహం తిప్పుకున్నారని జనం హడలిపోయారు. చివరికి ఒక నియంతను (అత్యవసరంలో కొద్దికాలానికి పూర్తి అధికారం ఇచ్చే పదవి) నియమించారు, గుడి గోడకు మేకు కొట్టడానికి. వెనకటికోసారి నియంత మేకు కొడితే రోగం తగ్గిందని ముసలివాళ్లకు గుర్తుందట.

అంత అమాయకంగా అన్నిసార్లూ జరగలేదు. క్రీ.పూ. 331లో ఊరి పెద్దలు ఒకే రకం జబ్బుతో వరసగా పోతుంటే ఒక దాసి వచ్చి, గృహిణులు విషం కాస్తున్నారని చెప్పింది. ఇరవై మంది దాకా పట్టుబడ్డారు. అవి మందులన్నారు. అయితే తాగి చూపించమంటే తాగి చచ్చిపోయారు. ఆపైన 170 మందికి శిక్ష పడింది. ఇది నమ్మడం తనకే ఇష్టం లేదని, ఆ ఏడు గాలి చెడి రోగం వచ్చిందని రాసినవాళ్లూ ఉన్నారని లివీ ముందే చెప్పుకున్నాడు. రోగం వస్తే దోషి కావాలనిపించడం గురించి లాటిన్‌లో ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

క్రీ.పూ. 174 రోగం గురించి ఆయన రాసింది చూస్తే కవిత్వపు నీడ కనపడుతుంది. అంతకుముందు ఏడు పశువులకొచ్చినది మనుషులకు మారింది. ఏడో రోజు దాటినవాళ్లు అరుదు. దారుల మీద పడున్న శవాలను కుక్కలూ రాబందులూ ముట్టలేదు, ఆ రెండేళ్లూ రాబందు అన్నదే కనపడలేదు. చివరి మాట థుసిడిడీస్ నుంచి వచ్చిందా, పాత రికార్డుల నుంచి వచ్చిందా? రెండూ కావచ్చు. నిజంగా జరిగింది రాసేటప్పుడు కూడా చదివినది చేతికి అడ్డం పడుతుంది.

చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 65 రోగానికి ఒక్క అధ్యాయం కూడా పూర్తిగా ఇవ్వలేదు. అప్పటికి ఆయన చిన్నపిల్లవాడు. గాలిలో ఏ మార్పూ కనపడలేదు, అయినా ఇళ్లు శవాలతో, వీధులు అంత్యక్రియలతో నిండాయి. భర్త పక్కన కూర్చుని ఏడ్చిన భార్య అదే చితి మీద కాలింది. ఆ తరవాత అసలు దెబ్బ కొట్టాడు. సెనేటర్లూ, వాళ్ల తరవాతి ధనిక వర్గమైన అశ్వికులూ పోయినందుకు జనం అంతగా ఏడవలేదట, అందరితో పాటు పోయి చక్రవర్తి క్రూరత్వాన్ని తప్పించుకున్నారని. నీరో కింద బతకడం కంటే రోగంతో పోవడం నయమని ఒక్క వాక్యంలో చెప్పాడు. అదే రోగానికి చక్రవర్తుల జీవితచరిత్రలు రాసిన సూటోనియస్ ఒక అంకె ఇచ్చాడు. ఒక్క శరదృతువులో అంత్యక్రియల దేవత లిబిటీనా గుడి లెక్కల్లోకి 30,000 అంత్యక్రియలు ఎక్కాయి.

నిజంగా రోగం మధ్య నిలబడి లాటిన్‌లో రాసినవాళ్లు కావాలంటే ఇద్దరు. రోమన్ పండితుడు వారో తన వ్యవసాయ గ్రంథంలో ఒక జ్ఞాపకం రాసుకున్నాడు. కోర్సైరా ద్వీపంలో సైన్యమూ నౌకాదళమూ దిగి ఉన్నప్పుడు ఇళ్లన్నీ రోగులతో, శవాలతో నిండిపోయాయి. తను ఉన్న ఇంటికి ఉత్తరం గాలి తగిలేలా కొత్త కిటికీలు పెట్టించి, చెడు గాలి వచ్చేవి మూయించి, గుమ్మం మార్పించి తనవాళ్లందరినీ క్షేమంగా తెచ్చుకున్నాడు. ఏడుపు లేదు, దేవత లేదు, వడ్రంగి పని మాత్రం ఉంది. చిత్తడి నేలల దగ్గర ఇల్లు కట్టొద్దు, కంటికి ఆనని చిన్న ప్రాణులు అక్కడ పుట్టి గాలి వెంట నోట్లోకీ ముక్కులోకీ దూరి జబ్బులు తెస్తాయి అన్నదీ ఈ పుస్తకంలోనే. ఆ పుస్తకం రాసింది క్రీ.పూ. 37లో, అప్పటికి ఆయన వయసు ఎనభై. ఆ మాట చూసి సూక్ష్మజీవులను ముందే కనిపెట్టాడని పొంగిపోవద్దు, అది చిత్తడి గురించి తెలివైన ఊహ.

రెండోవాడు కార్తేజ్ బిషప్ సిప్రియన్. క్రీ.శ. 252 ప్రాంతంలో 'దే మోర్తాలితాతే' రాశాడు. విరేచనాలు, ఆగని వాంతులు, నెత్తురెక్కి మండే కళ్లు, కుళ్లిపోయే కాళ్లు, వినికిడీ చూపూ పోవడం, లక్షణాలు చెప్పాడు గానీ వర్ణన కోసం కాదు. మేమూ అన్యమతస్థుల్లాగే పోతున్నాం కదా, విశ్వాసం వల్ల ఏం లాభం అని తన సంఘంలో గొణుగుతున్నవాళ్లకు జవాబు చెప్తున్నాడు. ఈ రోగం మనుషులను పరీక్షిస్తోంది అంటాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోగులను చూస్తున్నారా, యజమానులు జబ్బుపడిన దాసుల మీద జాలి చూపుతున్నారా, వైద్యులు బతిమాలేవాళ్లను వదిలేస్తున్నారా? ఐదు వందల ఏళ్లు పైబడిన ఆ వర్ణన సంప్రదాయంలో ఏమేం తెగిపోయాయో చెప్పిన జాబితానే ఆయన ఏమేం చేయాలో చెప్పే జాబితాగా తిప్పేశాడు. దీని తరవాత, క్రీ.శ. 400 ప్రాంతంలో, ఎండెలేకియస్ అనే ఆయన పశువుల చావుల మీద చిన్న పద్యం రాశాడు. ముగ్గురు కాపరులు మాట్లాడుకుంటారు. ఒకడి మంద మొత్తం పోయింది, ఇంకొకడి మంద క్షేమం, ఎందుకంటే వాటి నుదుట శిలువ గుర్తు వేశాడు. వర్జిల్ ఎద్దు కూడా అందులోకి వచ్చింది. వర్జిల్ జవాబు లేకుండా వదిలిన ప్రశ్నకు ఇక్కడ జవాబు ఉంది, పద్యం మాత్రం ఆ మేరకు పలచబడింది.

ఒక వింత చెప్పి రెండో ప్రశ్నకు వస్తాను. రోమన్ సామ్రాజ్యాన్ని అన్నిటికంటే కుదిపిన రోగాల్లో ఒకటి క్రీ.శ. 165 తరవాత, మార్కస్ అరీలియస్ కాలంలో వచ్చింది. దాని మీద చెప్పుకోదగ్గ లాటిన్ వర్ణన మనకు లేదు. వైద్యుడు గాలెన్ గ్రీకులో రాశాడు, చక్రవర్తి కూడా తన ఆలోచనలు గ్రీకులోనే రాసుకున్నాడు. లాటిన్‌లో దొరికేవి రెండు వందల ఏళ్ల తరవాతి కథలు. బాబిలోనియాలో అపోలో గుడిలోని బంగారు పెట్టె ఒక సైనికుడు తెరిచాడు, అందులోంచి రోగం వచ్చిందని ఒకటి. సెల్యూకియా గుడిలో నిధి కోసం సన్నని కంత తెరిచారని చరిత్రకారుడు అమ్మియానస్ చెప్పేది ఇంకొకటి. అంటే వర్ణన ఎంత పొడుగుందన్నదాన్ని బట్టి రోగం ఎంత పెద్దదో చెప్పలేం.

రోగం పేరు తేల్చడం కూడా అంతే. లుక్రీషియస్ చెప్పిన లక్షణాలు థుసిడిడీస్‌వి కొన్ని, చావు దగ్గరపడ్డ గుర్తులంటూ హిప్పోక్రటీస్ వైద్య గ్రంథాల నుంచి తెచ్చినవి కొన్ని. ముక్కు సన్నబడటం, కళ్లు లోతుకు పోవడం లాంటివి. ఆ మిశ్రమానికి పేరు పెడితే ఏ మనిషికీ రాని రోగం పేరు వస్తుంది. వర్జిల్ గుర్రం, ఎద్దు, పంది, కుక్క, పాము, సముద్రపు జీవులు అన్నీ ఒకే రోగంతో పోవు. ప్రత్యక్షంగా చూసిన థుసిడిడీస్ విషయంలోనే టైఫస్, మశూచి, టైఫాయిడ్ అంటూ పేర్లు పెరుగుతూ పోయాయి. ఏథెన్స్‌లో మెట్రో పనుల్లో బయటపడిన సామూహిక సమాధిలోని పళ్లను పరీక్షించి 2006లో టైఫాయిడ్ అన్నారు, వెంటనే ఇతర పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. మూలం దగ్గరే తెగని పంచాయితీ నకళ్ల దగ్గర తెగదు.

చదివే వరసకు వస్తే, థుసిడిడీస్ ఎనిమిది అధ్యాయాలు అనువాదంలోనైనా ముందు చదవండి, అరగంట పని. వెంటనే లుక్రీషియస్ చివరి భాగం. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఒకదానిలో ఉండి రెండోదానిలో లేనివి పెన్సిల్‌తో గీసుకోండి. ఒక వారం ఆగి వర్జిల్. లాటిన్ కొంచెం వస్తే 'జార్జిక్స్' మూడో పుస్తకంలో 515 నుంచి 530 దాకా మూలంలోనే చదవండి. పదాలు కష్టమైనవి కావు, పొడుగు వాక్యాలు తక్కువ. ఓవిడ్ అనువాదంలో సరిపోతుంది, కానీ కెఫలస్ ప్రశ్న నుంచి మొదలుపెట్టండి. చాలా సంకలనాలు దాన్ని వదిలేసి రోగ వర్ణన నుంచి ఎత్తుకుంటాయి. లివీ ఏడో పుస్తకం మొదటి మూడు అధ్యాయాలు ఎప్పుడైనా చదవచ్చు. సిప్రియన్‌ని మాత్రం చివరికి ఉంచుకోండి, మిగతావాళ్లు మనసులో ఉంటేనే ఆయన ఏం తిప్పాడో తెలుస్తుంది.